కొట్టి పెంచినా మేం బాగానే ఉన్నాం కదా మేడం?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో చాలావరకు ఒకే సంగతి ఉంది: చిన్నప్పుడు పడిన కష్టం పెద్దయ్యాక మనసును ఏం చేస్తుంది అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు పెట్టుకుని నాలుగింటికే జవాబు రాస్తున్నా. పేర్లు తీసేశాను, ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఇది మా పక్కింటి కథే అనిపిస్తే, అలాంటి కథ చాలా ఇళ్లలో ఉందని అనుకోండి.

ప్రశ్న: మేడం, నాకు 31 ఏళ్లు. మాది కడప దగ్గర పల్లె. నాకు నాలుగేళ్లప్పుడు అమ్మ ఇంటిపని కోసం కువైట్ పోయింది. నాయన తాగేవాడు, అమ్మ పంపిన డబ్బంతా ఆయన చేతిలోనే. నేను అవ్వ దగ్గర పెరిగా. అమ్మ రెండు మూడేళ్లకోసారి వచ్చి నెల ఉండి పోయేది, పోయే రోజు నేను నిద్రలో ఉండగానే బయల్దేరేది. ఇప్పుడు మా ఆయన మంచివాడు, తాగడు. అయినా ఆయన కాసేపు మాట్లాడకుండా ఉంటే నాకు చేతులు వణుకుతాయి. ఫోన్ ఎత్తకపోతే ఎత్తేదాకా చేస్తూనే ఉంటా. మా పాపకు ఐదేళ్లు, స్కూలుకు పోనని ఏడిస్తే నాకూ ఏడుపొస్తుంది, వెంటనే దాని మీద అరుస్తా. అమ్మ తిరిగొచ్చేసి మాతోనే ఉంది. ఆమె మాట్లాడిస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా కోసమే కదా అంత దూరం పోయింది, నాకింత కోపమెందుకు? ఇదేమన్నా మానసిక జబ్బా?

జవాబు: చెల్లీ, ముందు మీ ఆఖరి ప్రశ్నకు. ఉత్తరం చదివి జబ్బు పేరు పెట్టేవాళ్లను నమ్మకండి, నన్ను కూడా. కానీ మీరు రాసినవన్నీ ఒకదానికొకటి ముడిపడినవే, అందులో పిచ్చీ లేదు, పొగరూ లేదు.

మీ చిన్నతనంలో రెండు వేరువేరు సంగతులు జరిగాయి. ఉండాల్సిన మనిషి లేకపోవడం ఒకటి, ఉన్న మనిషి వల్ల భయం ఇంకొకటి. ఈ రెండూ పిల్లల మెదడు మీద ఒకేలా పనిచేయవని ఇప్పుడు పరిశోధకులు విడదీసి చూస్తున్నారు.

భయం సంగతి ముందు చూద్దాం. నాయన తాగొచ్చే ఇంట్లో పిల్లలకు అందరికంటే ముందు వచ్చే విద్య ఏంటంటే, గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చప్పుడు విని ఆ రాత్రి ఎలా గడుస్తుందో కనిపెట్టడం. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ సైకాలజిస్టు సేథ్ పొలాక్ పిల్లలకు ముఖాల ఫొటోలు చూపించాడు, మొదట మసకగా, తర్వాత మెల్లమెల్లగా స్పష్టంగా. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లలు మిగతావాళ్ల కంటే ముందే, ముఖం ఇంకా సరిగ్గా కనపడక ముందే, అందులో కోపాన్ని పట్టేశారు. అది లోపం కాదు, ఆ ఇంట్లో బతకడానికి అక్కరకొచ్చిన తెలివి. చిక్కల్లా, ఇల్లు మారినా ఆ తెలివి మీ వెంటే వచ్చింది. మీ ఆయన కరెంటు బిల్లు గురించో, ఆఫీసులో ఎవరో అన్న మాట గురించో ఆలోచిస్తూ కూర్చుంటే మీకు అందులో మీ నాయన కనపడుతున్నాడు.

చేతులు వణకడం ఒంట్లో జరిగేదే. ప్రమాదం అనిపించగానే మెదడులో అమిగ్డాలా అనే భాగం హెచ్చరిక పంపుతుంది, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు వదులుతాయి, గుండె దడదడలాడుతుంది. ప్రమాదం పోగానే ఇదంతా సద్దుమణగాలి. పసితనంలో ఏళ్ల తరబడి రోజూ ఇదే జరిగితే ఆ సద్దుమణిగే ఏర్పాటే దెబ్బతింటుంది, కొందరిలో ఊరికే రేగుతుంటుంది, కొందరిలో మొద్దుబారిపోతుంది. దొంగల భయం మధ్య పెరిగిన కుక్క ఆకు కదిలినా మొరిగినట్టే ఇది. తిట్టినంత మాత్రాన ఊరుకోదు, మెల్లగా నమ్మకం కుదరాలి.

ఇక అమ్మ సంగతి. బిడ్డ నిద్రలో ఉండగా బయల్దేరిపోవడం మన దగ్గర గల్ఫ్‌కు పోయే చాలా ఇళ్లలో చేసేదే, పాపం ఏడిస్తే చూడలేక. కానీ నాలుగేళ్ల పిల్లకు అర్థమయ్యేది వేరే: నేను కళ్లు మూసుకుంటే మనుషులు మాయమైపోతారు. ఫోన్ ఎత్తేదాకా చేస్తూ ఉండేది ఆ పిల్లే. ఇప్పుడు కువైట్‌కో దుబాయ్‌కో పోబోయే తల్లులు ఇది చదువుతుంటే ఒక్క మాట వినండి, చెప్పి పోండి. ఏడుస్తారు, ఏడవనివ్వండి. ఏ పండక్కి వస్తావో క్యాలెండర్ మీద చూపించు, వారంలో ఏ రోజు ఏ టైంకి వీడియో కాల్ చేస్తావో చెప్పు, చెప్పిన టైంకి చెయ్యి. గిఫ్టులు తర్వాత.

అమ్మ మీ కోసమే పోయింది, అది నిజం. నాలుగేళ్ల పిల్లకు వచ్చిన కోపమూ నిజం. ఒకటి ఉంటే రెండోది ఉండకూడదని ఎక్కడా లేదు. ఆమెను క్షమించాలనో, కాళ్లు పట్టుకుని ఏడవాలనో నేను చెప్పను, టీవీ సీరియల్ కాదు ఇది. ఎప్పుడన్నా ఇద్దరే ఉన్నప్పుడు అక్కడ ఏ ఇంట్లో పనిచేశావు, ఏం తిన్నావు, ఎక్కడ పడుకున్నావు అని అడిగి చూడండి. మీకు తెలియని సంవత్సరాలు ఆమె దగ్గర చాలా ఉన్నాయి.

ఇంట్లో చేయాల్సినవి చెబుతా. మీ ఆయనకు ఈ ఉత్తరం చదివి వినిపించండి. "కోపం లేదు, అలసిపోయా" అని నోటితో చెప్పడం ఆయన పని, చెబితే నమ్మడానికి ప్రయత్నించడం మీ పని. ఫోన్ ఒక్కసారి చేయండి, ఎత్తకపోతే అరగంట దాకా మళ్లీ చేయకుండా ఉండి చూడండి, ఆ అరగంట నరకంలా ఉంటుంది, కానీ ఏమీ జరగలేదని ఒంటికి తెలిసేది అలాగే. పాపను స్కూల్లో దిగబెట్టేటప్పుడు సాగదీయొద్దు: ముద్దు, "మధ్యాహ్నం అవ్వ వస్తుంది", అంతే. అరిచారా, కాసేపయ్యాక దగ్గరికి తీసుకుని "అమ్మకు భయమేసి అరిచింది, తప్పు నీది కాదు" అనండి. మీకు ఈ మాట ఎవరూ చెప్పలేదు చూడండి, అందుకే చెబుతున్నా. నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, చచ్చిపోవాలనిపించడం ఉంటే మాత్రం డాక్టర్‌ను కలవాల్సిందే, అందులో నామోషీ ఏం లేదు.

ప్రశ్న: నేను అనంతపురంలో వ్యాపారం చేస్తున్నా, 46 ఏళ్లు. మా నాయన ములుగర్రతో కొట్టేవాడు. బడిలో అయ్యవారు కోదండం వేయించేవాడు, అంటే తాడుకు వేలాడదీసే శిక్ష. అయినా మేం బాగానే ఉన్నాం, ఇల్లు కట్టాం, పిల్లల్ని చదివిస్తున్నాం. ఇప్పుడేమో పిల్లల మీద చెయ్యి వేస్తే మనసు గాయపడుతుందంటున్నారు. మా వాడు తొమ్మిదో తరగతి, చేతిలోంచి ఫోన్ దించడు. కొట్టకుండా ఎలా దారికి తేవాలో మీరే చెప్పండి.

జవాబు: అన్నా, "మేం బాగానే ఉన్నాం" అని రాసేవాళ్లు బాగున్నవాళ్లే. ఆ కోదండానికి భయపడి ఆరో తరగతిలో బడి మానేసి మళ్లీ ఆ దిక్కు చూడనివాడు నాకు ఉత్తరం రాయడు. మీ క్లాసులో అలాంటివాళ్లు ఎవరో మీకే గుర్తుంటారు. ఇంకో మాట, కోప్పడకండి: మీకు అప్పులైనప్పుడు, ఒంట్లో బాగోనప్పుడు, ఎప్పుడైనా మీ నాయన దగ్గర కూర్చుని చెప్పుకున్నారా? చెప్పుకుని ఉంటే మీరు అదృష్టవంతులు.

పిల్లల్ని కొట్టడం మీద 50 ఏళ్లలో జరిగిన పరిశోధనల్లోంచి 75 అధ్యయనాలను కలిపి 2016లో లెక్క తీశారు, అందులో 1,60,000 మందికి పైగా పిల్లలున్నారు. దెబ్బలు తిన్న పిల్లలు మాట వినడం పెరిగినట్టు అందులో తేలలేదు, మొండితనం, కొట్లాటలు, ఆందోళన, దిగులు మాత్రం ఎక్కువగా కనిపించాయి. అల్లరి పిల్లల్నే ఎక్కువ కొడతారు కాబట్టి ఏది ముందు ఏది వెనక అనే పేచీ ఉంది, అది న్యాయమైన పేచీనే. కానీ ఏళ్ల తరబడి అదే పిల్లల వెంటపడి చూసిన అధ్యయనాల్లోనూ కొట్టడం వల్ల బాగుపడ్డ దాఖలా దొరకలేదు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2007లో ఒక నివేదిక ఇచ్చింది, 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి. మన ఆంధ్ర కూడా అందులో ఉంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే. ఆ తర్వాత 2009 విద్యాహక్కు చట్టం, సెక్షన్ 17 కింద, బడిలో కొట్టడాన్ని, మనసు నొచ్చేలా వేధించడాన్ని నిషేధించింది. ఇంట్లో జరిగేదానికి ఆ చట్టం రాదు, ఇంట్లో ఆ బాధ్యత మీదే.

ఒక్క దెబ్బ వేసినంత మాత్రాన మీవాడి జీవితం నాశనమైపోదు, అలా భయపెట్టేవాళ్లతో నేను ఏకీభవించను. చిన్న చిన్న టెన్షన్లు పిల్లలకు మంచివే, పరీక్ష భయం, ఆటలో ఓటమి, అన్నీ కావాలి. చేటు చేసేది ఏదంటే, పెద్ద భయం, అది రోజూ ఉండడం, దాన్నుంచి ఆదుకునే పెద్ద దిక్కు లేకపోవడం, ఈ మూడూ కలిస్తే. ఆదుకోవాల్సిన మనిషే కొట్టే మనిషి అయితే పిల్లవాడు ఎవరి దగ్గరికి పోవాలి?

ఫోన్ సంగతి. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో ఒకచోట చార్జింగ్‌కు పెట్టాలి, మీది కూడా. (మీ మెసేజ్ నాకు రాత్రి ఒంటిగంట దాటాక వచ్చింది.) ఆ ఫోన్లో ఏం చూస్తున్నాడో ఒక ఆదివారం పక్కన కూర్చుని చూడండి, తిట్టకుండా. క్రికెట్టో, గేమో, ఎవరితోనన్నా చాటింగో, ఏదో తెలిస్తేగా మాట్లాడటానికి. రూలు తప్పితే మర్నాడు ఫోన్ లేదు, అంతే, చెప్పినట్టే జరగాలి, అరుపులు లేకుండా. ఇది బెత్తం కంటే కష్టమైన పని, ఒప్పుకుంటా. బెత్తం వాళ్లకు కోపం తీరిపోతుంది, ఇందులో మనకు తీరదు.

ప్రశ్న: మేడం, నాకు 22. మాది కర్నూలు పడమర, కోసిగి దిక్కు. ఏటా సంక్రాంతి దాటగానే మావాళ్లు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోయేవాళ్లు, ఐదో తరగతి దాకా నన్నూ తీసుకుపోయారు, పొలాల పక్కన గుడారాల్లో ఉండేవాళ్లం. నాన్న తాగి అమ్మను కొట్టేవాడు. అప్పుల బాధతో చిన్నాయన ఉరేసుకున్నాడు. అమ్మ ఇంకా ఊళ్లోనే ఉంది, నేను ఇప్పుడు కర్నూల్లో రూం తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నా. ఇన్‌స్టాలో చిన్ననాటి కష్టాల టెస్టు అని పది ప్రశ్నలుంటే రాశా, ఆరు వచ్చింది. ఆరు, అంతకు పైన వస్తే 20 ఏళ్లు ముందే చనిపోతారని, డిప్రెషన్ ఖాయమని కింద ఉంది. అప్పట్నుంచి చదవలేకపోతున్నా. నిజమేనా?

జవాబు: తమ్ముడూ, ఆ టెస్టు వెనక నిజమైన పరిశోధనే ఉంది, నీకు చెప్పిన తీరే తప్పు.

1980లలో అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టర్ బరువు తగ్గించే క్లినిక్ నడిపేవాడు. బాగా బరువు తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసి పోతుంటే ఎందుకా అని ఆరా తీశాడు, చూస్తే వాళ్లలో చాలామంది చిన్నప్పుడు లైంగిక హింసకు గురైనవాళ్లు. ఆ తర్వాత రాబర్ట్ ఆండా అనే మరో డాక్టర్‌తో కలిసి 1995 నుంచి 1997 దాకా 17,000 మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు. 1998లో మొదటి ఫలితాలు వచ్చాయి: నాలుగు రకాలు, అంతకంటే ఎక్కువ కష్టాలు పడినవాళ్లలో తాగుడు, మత్తుమందులు, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం, వీటి ముప్పు ఏ కష్టమూ లేనివాళ్లతో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు. ఈ మాట నిజం, దాచను.

కానీ అది వేలమందిని కలిపి చూస్తే వచ్చిన లెక్క, నీ ఒక్కడి జాతకం కాదు. ఇది నేనంటున్నది కాదు, 2020లో అదే రాబర్ట్ ఆండా తోటివాళ్లతో కలిసి రాశాడు, ఈ స్కోరు పెట్టి ఒక మనిషి భవిష్యత్తు చెప్పడం దుర్వినియోగం అని. ఎందుకంటే అప్పుడప్పుడూ దెబ్బలు తిన్నవాడికీ, పదేళ్లు రోజూ తిన్నవాడికీ ఆ టెస్టులో వచ్చేది ఒకే మార్కు. సుగ్గి గుడారం అందులో లేదు, అప్పులవాళ్లు గుమ్మం ముందు కూర్చోవడం లేదు. నీకు అన్నం పెట్టి తల నిమిరినవాళ్లెవరో అని అందులో అడగలేదు.

20 ఏళ్ల సంగతి 2009లో వచ్చిన పేపర్లోది. ఆ 17,000 మందిలో అప్పటిదాకా చనిపోయినవాళ్లను మాత్రమే తీసుకుంటే, ఆరు, అంతకుమించి ఉన్నవాళ్లకు చనిపోయేనాటికి సగటు వయసు 60 పైచిలుకు, ఏ కష్టమూ లేనివాళ్లకు 79. చనిపోయినవాళ్లలో సగటు అది, బతికున్నవాళ్లు ఆ లెక్కలోకే రారు. దాన్ని పట్టుకుని 22 ఏళ్ల కుర్రాడికి ఆయుష్షు చెప్పడం రీల్స్ చేసేవాళ్ల పని.

దీనికి రెండో వైపు కూడా చూడు. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే సైకాలజిస్టు బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, తాగుడు, గొడవల మధ్య పెరిగిన పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా స్థిరపడ్డారు. వాళ్లలో తరచూ కనిపించింది ఏంటంటే, తల్లో, అవ్వో, టీచరో, పక్కింటి పెద్దాయనో, గట్టిగా పట్టుకుని ఉన్న మనిషి ఒకరు. మన దగ్గరి సంగతీ చెబుతా. యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002 నుంచి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల్ని గమనిస్తూ వచ్చింది, మన అనంతపురం, కడప జిల్లాల పిల్లలు కూడా అందులో ఉన్నారు. పసితనంలో కరువు దెబ్బ తిన్న పిల్లలు బడిలో మధ్యాహ్న భోజనం మొదలయ్యాక ఎత్తులో, బరువులో చాలావరకు కోలుకున్నారు. గుడ్డూ అన్నమూ పెడితేనే ఇంత మార్పు వస్తే, మనసుకు ఏమీ చేయలేమని ఎవరన్నారు?

ఆ పేజీ అన్‌ఫాలో చెయ్. రాత్రి పడుకునే టైం, లేచే టైం ఒకటి పెట్టుకో, రూంలో ఒక్కడివే తినకుండా మెస్‌లో నలుగురితో తిను. చిన్నాయన గుర్తొచ్చి, అదే దారి అనిపించే రోజు ఏదైనా ఉంటే, ఆ రోజే ఎవరికో ఒకరికి చెప్పాలి, ఫ్రెండ్‌కైనా సరే. 14416 అని టెలి మానస్ నంబరు ఉంది, 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. అమ్మ ఇంకా ఊళ్లోనే ఉందని రాశావు కదా, ఆదివారం ఒక ఫోన్ చెయ్, టెస్టు గురించి కాదు, ఊరికే.

ప్రశ్న: మేడం, మా అక్క కొడుకుకు ఎనిమిదేళ్లు. మాది కర్నూలు జిల్లా. నాలుగు నెలల కింద ఊరి గొడవల్లో మా బావను వాడి కళ్ల ముందే నరికేశారు. అప్పటినుంచి పక్క తడుపుతున్నాడు, కట్టెపుల్లలతో అదే ఆట ఆడుతున్నాడు, మోటార్ సైకిల్ చప్పుడైతే మంచం కిందకు దూరతాడు. దయ్యం సోకిందని తాయెత్తు కట్టించారు. చుట్టాలు వచ్చినప్పుడల్లా "పెద్దయ్యాక నువ్వే చూసుకోవాల్రా" అంటున్నారు. మేనమామగా నేనేం చేయాలి?

జవాబు: ముందు ఆ చుట్టాల నోరు మూయించాలి. ఇది మర్యాదలు చూసుకునే చోటు కాదు. ఎనిమిదేళ్ల బిడ్డ నెత్తిన పగ పెడితే వాడికి ఆ రోజు ఎప్పటికీ అయిపోదు, పెద్దయ్యేదాకా రోజూ అదే రోజు. సీమ గురించి సినిమాల్లో ఏం చూపించినా, ఊళ్లలో మిగిలేది మీ ఇంట్లో మంచం కింద ఉన్న పిల్లాడే.

మీరు రాసినవి దయ్యం లక్షణాలు కావు. భయంకరమైనది చూసిన పిల్లలు అదే ఆట మళ్లీ మళ్లీ ఆడటం, పక్క తడపడం, చప్పుళ్లకు ఉలిక్కిపడటం, ఇవన్నీ డాక్టర్లకు తెలిసినవే. మొదటి వారాల్లో చాలామంది పిల్లల్లో ఉంటాయి, మెల్లగా తగ్గుతాయి. నాలుగు నెలలైనా తగ్గలేదు కాబట్టి ఇక ఆగొద్దు. తాయెత్తు ఉంటే ఉండనీయండి, దాంతో గొడవ పెట్టుకోకండి, ఆస్పత్రి మాత్రం మానొద్దు. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో మానసిక విభాగం ఉంది. పిల్లల చేత మెల్లగా, వాళ్ల వేగంలోనే, బొమ్మలతో, ఆటతో ఆ సంగతి చెప్పించే పద్ధతులున్నాయి, వాటితో బాగైన పిల్లలు ఎందరో. అన్నిటికీ మందులే ఉండవు.

ఇంట్లో: ఏం చూశావో చెప్పమని పట్టుబట్టొద్దు, వాడే చెబితే ఆపొద్దు. నాన్న ఊరికి పోయాడు లాంటి అబద్ధాలు వద్దు, వాడు చూశాడు. పక్క తడిపితే తిట్టకుండా దుప్పటి మార్చండి. మళ్లీ బడికి పంపండి, టీచర్‌కు సంగతి చెప్పి వాడిని తలుపుకు ఎదురుగా, బయటికి కనపడేలా కూర్చోబెట్టమనండి. మోటార్ సైకిల్ మీద మీరే వస్తుంటే దూరం నుంచే పేరు పెట్టి పిలుస్తూ రండి. రాత్రి వాడి పక్కన ఎవరు పడుకుంటారో ముందే చెప్పండి, రోజూ ఆ మనిషే పడుకోవాలి.

ఉత్తరమంతా వెతికినా మీ అక్క ఎలా ఉందో ఒక్క మాట లేదు. ఆమె తింటోందా, నిద్రపోతోందా చూడండి. ఆమె నిలబడితేనే వాడు నిలబడతాడు. ఆస్పత్రికి పోయే రోజు ఆమెను కూడా తీసుకెళ్లి, ఆమె పేరు మీద ఇంకో ఓపీ చీటీ రాయించండి.